అరచేయంత నేల

నేను మోటారుసైకిలు ముందుచక్రమునకు తొడిగిన టైరును. కేరళపు రబ్బరుపాలును, బొగ్గుమసియు, గంధకమును, నైలాను దారములును కలిసి అచ్చులో ఉడుకగా నాకీ దేహ మేర్పడినది. కోదాడలోని యొక ఉపాధ్యాయుని పాతబండికి నన్ను బిగించి నాలుగేండ్లు గడచినవి. ఈలోపల వెనుకచక్రపు సహోదరు లిద్దరు అరిగి వెడలిపోయిరి. బండిని త్రోయు భారము వారిది గదా.

బండి సమయానికి నిలిచినప్పుడెల్ల జనులు బ్రేకును కొనియాడుదురు. ఇందు నాకు చిరకాలముగా కినుక కలదు. డిస్కును బిగబట్టి చక్రమును నిలుపుటతో దాని ప్రతాపము ముగియును. నిలుపబడిన ఆ చక్రము నేలను కరచునో, సబ్బుబిళ్లవలె జారిపోవునో, నేను రోడ్డును తాకియున్న ఆ అరచేయంత మేరలోనే తేలవలసిన వ్యవహారము.

గతసంవత్సరము కార్తికమాసమున, రోడ్డులో సగముమేర వడ్లు ఆరబోసియుండగా, మిగిలిన సగములోనికి ఒక గేదె తాపీగా నడచివచ్చెను. మాస్టారు కాలిబ్రేకును మాత్రమే బలముకొలది త్రొక్కెను. వెనుకచక్రము బిగిసి, రోడ్డుపై నల్లని గీత గీయుచు, తోకవలె ప్రక్కకు తిరిగెను. నేనో, పెండ్లికి వచ్చిన దూరపుచుట్టమువలె ఏ పనియు లేక దొర్లుచునే యుంటిని. హేండిలు గేదె డొక్కకు తగిలి బండి ఆగినది. గేదె తల త్రిప్పియైన చూడలేదు.

మెకానిక్కు ఆ గీతవృత్తాంతము విని నవ్వెను. “సారూ, ముందటి బిరేకు పడితె బోర్ల పడ్తమని భయపడ్తున్నరా? ఒక్కపారే గుంజకున్రి. మెల్లగ పట్టి జోరు పెంచున్రి.”

అతడు చదువుకొన్నవాడు కాడుగాని చెప్పినది భౌతికశాస్త్రమే. వేగము తగ్గునప్పుడు బరువు ముందునకు ఒరిగి నన్ను నేలకు అదుమును. అదిమినకొలది నా పట్టు హెచ్చును, వెనుకవానిది సడలును. ఆ బరువు నన్ను చేరకముందే లివరును గుంజితిరా, నేనును బిగిసి జారుదును. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి. దాటిన కొత్తబండ్లకు తప్పనిసరియైన ఏ.బి.ఎస్. ఇట్టి సమయమున పట్టును క్షణక్షణము సడలించి బిగించును. మా బండి అంతకు ముందుది, కావున ఆ వివేకము మాస్టారి వ్రేళ్లకే అబ్బవలెను.

పొడిరోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున రెండు బ్రేకులును చక్కగా పట్టినచో సుమారు 20 మీటర్లలో నిలువగలము. గేదెను చూచి చేయి కదలుటకు ఒక్క సెకను పట్టినను, ఆలోపల 16 మీటర్లకు పైగా ముందే గడచిపోవును. వేగము సగమైనచో ఆ 20 మీటర్లు అయిదగును. ఇదంతయు నాలో గాలి సరిగా నుండి, గాళ్లలో లోతున్నంతవరకే. తొలకరి చినుకులకు దుమ్మును నూనెయు కలిసి మెరయు రోడ్డును తలచుకొన్నచో నాకిప్పటికిని గుండె జారును.

నిన్న పంచరుషాపు కుర్రవాడు నా గాడిలో గోరు దూర్చి చూచెను. అరుగుదల తెలియుటకై అడుగున పోసిన చిన్న మిట్ట గోటికి తగిలినది. ఎదుటి వీధిలో ఒక పిల్లవాడు మా పాత వెనుకటైరును కర్రతో కొట్టుచు దొర్లించుకొని పోవుచుండెను. మలుపువద్ద లారీ హారను వినబడగానే, వాడు దానిని అరచేతితో అదిమి ఆపెను.