ముప్పై ఒక్క ముంతలు, యాభయ్యేసి మార్కులు

యూరప్, అమెరికాల్లో డిసెంబరు వచ్చిందంటే కొందరు ఒక దీక్ష పడతారు. రోజుకో కొత్త బీరు తాగాలి. అదీ పెద్ద కంపెనీది కాదు, ఊళ్లో ఎవరో నాలుగు పీపాలు పెట్టుకుని సొంతంగా కాచింది. తాగి మార్కులు వేయాలి, పుస్తకంలో రాసుకోవాలి. గళ్లు గళ్లుగా ఉన్న అట్టపెట్టెలో తారీఖుకో సీసా సర్ది అమ్ముతారు కూడా. ఏలూరు వాళ్లమైతే ఏం, తాడేపల్లిగూడెం వాళ్లమైతే ఏం, మనకి మాత్రం నాలుక లేదా? ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పాఠకులు ఈ డిసెంబరు ఒకటో తారీఖునే మొదలుపెట్టండి. ఎలాగో చెబుతున్నాం.

నెల ఎంపికలో మాత్రం ఏ లోటూ లేదు. డిసెంబరులో మీ బావమరిది అయ్యప్ప మాలలో ఉంటాడు, పక్కింటాయన భవానీ మాలలో ఉంటాడు, పదహారు దాటిందంటే ధనుర్మాసం, తెల్లారకుండానే గుడి మైకులో తిరుప్పావై. మీతో కూర్చునేవాడు ఒక్కడూ దొరకడు. మార్కులు వేసేవాడికి ఏకాంతం అవసరం కాబట్టి ఇది మీ అదృష్టమనే అనుకోవాలి. మాల వేసుకున్నది మీ ఇంట్లోవాళ్లే అయితే కార్యక్రమాన్ని కాలవగట్టుకి మార్చండి. అక్కడ సార్వా కోతలై, ధాన్యం రోడ్డు మీద ఆరబోసుకుని, మబ్బు వంక చూస్తూ రైతులు కూర్చుని ఉంటారు. వాళ్ల దగ్గరికెళ్లి "బాబాయ్, దీని వాసనలో అరటిపండు ఛాయ ఏమన్నా తగులుతోందా?" అని అడగండి. అప్పుడు వాళ్లేమంటారో అదీ పుస్తకంలో రాసుకోండి.

ఇక సరుకు సంగతి. రోజుకో కొత్త పేరు కావాలంటే మీరు 2019కీ 2024కీ మధ్య మేలుకోవాల్సింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడిపిన ఆ అయిదేళ్లూ తెలిసిన బ్రాండ్లు మాయమైపోయి, బూమ్ బూమ్ లాంటి ఎన్నడూ వినని పేర్లు అరల్లో కనిపించాయి. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు లాటరీలో ప్రైవేటువాళ్ల చేతికి పోయాయి, పాత పేర్లు తిరిగొచ్చాయి. ఇప్పుడు కౌంటరు దగ్గరికెళ్లి "అన్నా, చిన్నగా చేత్తో కాచిన బీరేదైనా ఉందా?" అనండి. "స్ట్రాంగా, లైటా?" అంటాడు. మన వైపు బీరులో జాతులు ఆ రెండే. మూడోది ఉంది, కూలింగ్ లేనిది.

హైదరాబాదులో అయితే అక్కడే కాచి అక్కడే గ్లాసులో పోసే మైక్రో బ్రూవరీలు ఉన్నాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి రాత్రి వెళ్లి మర్నాటి రాత్రికి తిరుగు రైలు పట్టుకోవచ్చు. నెలంతా రైల్లోనే గడుస్తుంది, అంతకన్నా ఇబ్బందేమీ లేదు.

లేదా రైలు కిటికీలోంచి బయటికి చూడవచ్చు. గూడెం నుంచి ఏలూరు వచ్చేలోపు గట్ల మీద తాళ్లు, ఈతలు కనిపిస్తూనే ఉంటాయి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు. దానికి ఎవరూ ఈస్టు వేయరు, గాలిలో ఉన్నదే పడి పులుస్తుంది. ఆ గొప్ప కోసం జనం విమానాలెక్కి వెళ్తారు. మన కుండకి మాత్రం ఈస్టు వేసిందెవరు? నిన్నటి కుండ అడుగున అంటుకున్న మడ్డే ఇవాళ్టి కల్లుని పులియబెడుతుంది. కాబట్టి బీరు అన్నచోటల్లా కల్లు అని దిద్దుకుని ముందుకు సాగండి. డిసెంబరులో ఈతకల్లు బాగా పడుతుంది. తాళ్లు అప్పుడప్పుడే అందుకుంటాయి, వాటి నిండు కాలం ఎండల్లో. చలికి పులుపు మెల్లిగా ఎక్కుతుంది గనక మీకు కాస్త వ్యవధి కూడా దొరుకుతుంది.

కల్లు గీసే ఆయనని గమనించమని కొందరు చెబుతారు. గమనించకండి, కార్యక్రమం ఆలస్యమవుతుంది. తెల్లారేలోపే ఆయన మోకు వేసుకుని, నడుముకి కత్తీ కుండా కట్టుకుని పైకెళ్లిపోతాడు. తాడికైతే గెల కొసని రోజూ రేకంత పల్చగా కోస్తాడు. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, కొయ్యకపోతే గాయం ఎండి ధార ఆగిపోతుంది. ఈతకైతే మొవ్వు కింద మట్టలు నరికి మానే చెక్కుతాడు. అక్కడా అంతే, ఒక పొర ఎక్కువ పోతే చెట్టుకే ముప్పు. ఆ చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది, మీకున్నది ముప్పై ఒక్క రోజులే. ఆయన దిగీ దిగగానే "బాబాయ్, దీని చేదు ఎన్ని ఐబీయూలు?" అని అడగండి. "ఆయ్, అదేదో నాకు తెలవదండి. ముంత కింద పెట్టకండి, చీమలెక్కేస్తాయి" అంటాడు. చేదు గడిలో చీమలు అని రాసుకోండి.

మార్కుల విధానం దగ్గర మాత్రం రాజీ పడొద్దు. అమెరికాలో 1985 నుంచి బీజేసీపీ అని బీరు న్యాయనిర్ణేతల వ్యవస్థ ఒకటుంది. వాళ్ల కాగితం 50 మార్కులకి. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. దాన్నే జిరాక్స్ తీయించి జేబులో పెట్టుకోండి. రూపం దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. బియ్యం కడుగు రంగు, పైన నురగ, అందులో ఒక తేనెటీగ, అయిదారు చీమలు. చీమకి అర మార్కు తీసేస్తూ పోతే మొదటి ముంతకే ఆ మూడు మార్కులూ చెల్లిపోతాయి. అందుకని తేనెటీగకి ఒకటి కలపండి. అది మంచి చెట్టునే ఎంచుకుంటుందని గట్టిగా వాదించండి.

అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే కల్లు మీ కలం కోసం ఆగదు. చెట్టు నుంచి కారే రసంలో పదో వంతు చక్కెరే ఉంటుంది. కుండలో పడ్డ క్షణం నుంచి అది పులుస్తూ ఉంటుంది. ఆరున్నరకి తీపి. ఎనిమిదికి తీపిలో పులుపు. పదకొండుకి ఘాటెక్కి, అటూ ఇటూగా మామూలు బీరంత బలం వస్తుంది. మర్నాటికి వెనిగర్. మీరు వాసనకి మార్కులు వేసి రుచి గడికి వచ్చేసరికి ముంతలో ఉన్నది ఇందాకటిది కాదు. దీనికి ఉపాయం ఒకటే, మార్కులు ముందురోజు రాత్రే వేసుకోండి. ఇంకా నిక్కచ్చిగా ఉండాలనుకుంటే రోడ్డు పక్క డ్రమ్ములో అమ్మేది కొనండి. పొద్దున్నా సాయంత్రమూ ఒకటే రుచి, ఒకటే మార్కులు. అదెలా సాధ్యమని ఆబ్కారీ వాళ్లని అడక్కండి. వాళ్లు చెప్పే రసాయనాల పేర్లు వింటే నెల మధ్యలో మానేస్తారు.

దాచుకోవడం ఎలా అంటారా? ప్లాస్టిక్ సీసాలో నిండా పోసి, మూత బిగించి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టండి. లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి సీసాయే మిమ్మల్ని పిలుస్తుంది. కుండకి ముందే సున్నం పూసి కడితే పులియదు, అదే నీరా. ఉద్యాన విశ్వవిద్యాలయం మన గూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలోనే ఉంది, తాటి మీద పరిశోధన పందిరిమామిడి కేంద్రంలో చేయిస్తోంది. అయినా నీరాలో మత్తేదీ? పట్టికలో చేర్చకండి.

చెట్టు ఏ మట్టిలో ఉందో తప్పక రాయండి, వైన్‌వాళ్లు అలాగే రాస్తారు. మెట్ట ఎర్రనేల కల్లుకీ డెల్టా నల్లరేగడి కల్లుకీ తేడా ఉందని చెప్పండి, ఉందో లేదో మీకు తెలియక్కర్లేదు. కొల్లేరు సరస్సు వైపు వెళ్తే కాంటూరు (ఎత్తు గీత) కూడా వేయండి. 1999లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు, మూడో కాంటూరుకి కుదించాలన్న మాట మీద ఎన్నికల ప్రసంగాలే నడిచాయి. అంత చరిత్ర ఉన్న కాంటూరు కల్లులో రెండు మార్కుల తేడా అయినా తేకపోతే ఎలా? అటపాక పక్షుల కేంద్రంలో మాత్రం ముంత బయటికి తీయకండి. అక్కడ గూడబాతులకి మార్కులు వేసి వచ్చేయండి.

నంజుడు విషయంలో మేం కఠినంగా ఉంటాం. కైకలూరులో కొర్రమీను ఇగురు, బొమ్మిడాయిల పులుసు ఎదురుగా పెడతారు. ముట్టుకోవద్దు, నాలుక పక్షపాతి అయిపోతుంది. విదేశాల్లో న్యాయనిర్ణేతలు ఉప్పులేని రొట్టె ముక్క కొరికి నోరు శుభ్రం చేసుకుంటారు. మీరూ పులుసు గిన్నె ముందు కూర్చుని రొట్టె తినండి, చూసేవాళ్లకి మీ మీద గౌరవం పెరుగుతుంది.

గీసే ఆయనకి మీ కాగితం చూపించాలా అని కొందరు సందేహపడుతున్నారు. అక్కర్లేదు. ఆయన సంగతి ప్రభుత్వం చూసుకుంటోంది. గీత కులాలకి మద్యం దుకాణాల్లో పది శాతం కేటాయించింది. చెట్టెక్కి సొంతంగా కల్లు దించేవాడు ఇక కింద కూర్చుని కంపెనీ బీరు అమ్ముకోవచ్చు. స్ట్రాంగా, లైటా అని ఆయనే మిమ్మల్ని అడుగుతాడు.

మా పట్టికలో మొదటి స్థానం భీమడోలు దగ్గర కాలవగట్టు మీది ఒక ఈతచెట్టుకి వచ్చింది. పొద్దున్న ఆరున్నర ముంత, యాభైకి నలభై నాలుగు. కాదనేవాళ్లు మోకు వేసుకుని ఎక్కి, గీసి, కుండ కట్టి, మర్నాడు దించుకుని రండి. మీ మార్కులు అప్పుడు చూస్తాం.