పిచర్ ఒక్కడు, పండితులు నలుగురు

(2018 సెప్టెంబరు 26, బుధవారం సాయంత్రం. న్యూయార్క్ క్వీన్స్‌లో ఫ్లషింగ్ బౌన్ స్ట్రీట్ గణపతి గుడి, కింద క్యాంటీన్. ఒకే బల్ల చుట్టూ నీలం, నారింజ రంగు టోపీలు. కాసేపట్లో సిటీ ఫీల్డ్‌లో న్యూయార్క్ మెట్స్‌కీ అట్లాంటా బ్రేవ్స్‌కీ బేస్‌బాల్ ఆట. బ్రేవ్స్ నాలుగు రోజుల క్రితమే డివిజన్ గెలిచేసుకున్నారు. మెట్స్‌కి ఈ ఆట గెలిచినా ఒరిగేదేమీ లేదు. అయినా వీళ్లు టికెట్లు కొన్నారంటే కారణం ఒక్కటే: ఇవాళ బంతి వేసేది జేకబ్ డిగ్రామ్. పాత్రల పేర్లు అడక్కండి. ఏ ఊరికెళ్లినా, ఏ ఆటకెళ్లినా వీళ్లు తగులుతూనే ఉంటారు.)

నిట్టూర్పు: ఇవాళా అంతే. మనవాడు ఒళ్లు హూనం చేసుకుని బంతులేస్తాడు. మనవాళ్లు బ్యాట్లు పట్టుకుని షికారుకొచ్చినట్టు వచ్చి వెళ్లిపోతారు.

కొత్తబ్బాయి: బాబాయిగారూ, నాకో సందేహం. మొనగాడంటున్నారు, లీగులో ఇంతటివాడు లేడంటున్నారు. పేపర్లో చూస్తే 9 గెలుపులు, 9 ఓటములు. సగానికి సగం ఓడినవాడు మొనగాడెలా అయ్యాడండీ?

లెక్కలరాయుడు: (ఫోన్ తీసి) అది చూడకూడదు, ఇది చూడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు 1.77. వరసగా 23 ఆటల్లో కనీసం ఆరేసి ఇన్నింగ్స్ వేసి, మూడు పరుగులకి మించి ఇవ్వలేదు. ఒకే సీజన్లో ఇలా ఎవడూ చెయ్యలేదు. మొన్న శుక్రవారం వాషింగ్టన్ మీద ఆ రికార్డు కొట్టాడు.

కొత్తబ్బాయి: మరి ఆ తొమ్మిది ఓటములు?

లెక్కలరాయుడు: పిచర్ ఖాతాలో గెలుపు పడాలంటే అయిదు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యాలి, తను దిగేసరికి జట్టు ముందుండాలి, ఆ తరవాత వచ్చినవాళ్లు ఆ ఆధిక్యం పోగొట్టకూడదు. మొదటి షరతు ఒక్కటే అతని చేతిలో ఉన్నది.

కొత్తబ్బాయి: మా గుంటూరులో బౌలర్ అయిదు వికెట్లు తీశాక మనవాళ్లు ఎనభైకి ఆలౌటైతే బ్యాట్స్‌మెన్‌నే తిడతారు గానీ, బౌలర్ ఓడాడని ఎవరూ రాయరండీ.

పెద్దాయన: తాతల నాటి లెక్కయ్యా ఇది, వంక పెట్టకు. 1968లో సెయింట్ లూయిస్ బాబ్ గిబ్సన్ సగటు ఎంతో తెలుసా? 1.12! అయినా తొమ్మిది ఆటలు ఓడాడు. ఆ ఏడాది పిచర్ల ధాటికి తట్టుకోలేక, మర్నాటి ఏడు పిచర్ నిలబడే దిబ్బని పదిహేను అంగుళాల నుంచి పదికి దించేశారు. అవీ రోజులు!

లెక్కలరాయుడు: గిబ్సన్ తొమ్మిది ఓడినా 22 గెలిచాడు పెద్దాయనా. అది కూడా చెప్పండి.

వాస్తు: దిబ్బ మాట వదిలెయ్యండి. దోషం గోడలో ఉంది. నేను 2009లో ఈ స్టేడియం తెరిచినప్పుడే అన్నాను, ప్రహరీ దూరమైంది, ఎత్తు ఎక్కువైందని. ఎవరైనా విన్నారా? చివరికి 2012కి గోడ ముందుకి జరిపి, ఎత్తు తగ్గించారు. చాల్లేదు. 2015కి మళ్లీ కుడివైపు జరిపారు.

కొత్తబ్బాయి: గోడ దగ్గరికొస్తే అవతలి జట్టుకీ దగ్గరే కదండీ?

వాస్తు: (కాసేపు ఆగి) అందుకే ఫలితం సగమే వచ్చింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ దాకా వెళ్లామా లేదా?

నిట్టూర్పు: వెళ్లాం. కాన్సాస్ సిటీ చేతిలో 4–1తో ఓడి వచ్చాం. అప్పుడూ పిచింగ్ బ్రహ్మాండమే.

(పిన్ని ట్రేలో కాఫీలు తెచ్చి పెడుతుంది. ఎవరూ లేవరు. ఎవరి కప్పు వాళ్లు అందుకుంటారు.)

లెక్కలరాయుడు: మీరంతా మనసుతో మాట్లాడుతున్నారు. సగటు తీస్తే మన హిట్టింగ్ మీరనుకున్నంత అధ్వాన్నం కాదు. ఆగస్టు 16న ఫిలడెల్ఫియాలో ఒక్క ఆటలో 24 పరుగులు కొట్టాం.

నిట్టూర్పు: అంతకు రెండు వారాల ముందు, జులై 31న, వాషింగ్టన్‌లో 25–4తో ఓడాం. ఈ జట్టు చరిత్రలో అంత ఘోరమైన ఓటమి లేదు. చివర్లో పిచర్లని ఎందుకు ఖర్చు చెయ్యడమని షార్ట్‌స్టాప్ ఆడే హోసే రేయెస్ చేత బంతులు వేయించారు.

కొత్తబ్బాయి: ఆ 24 పరుగుల రోజు బంతి వేసింది డిగ్రామేనా?

లెక్కలరాయుడు: (గొంతు తగ్గించి) కాదు.

కొత్తబ్బాయి: మిగిలిన పరుగులు దాచి ఇంకో రోజుకి వాడుకునే వీలుందాండీ?

పిన్ని: లేదు బాబూ. ఒకరోజు పెళ్లి భోజనం పెట్టి వారమంతా పస్తుంచి, సగటున రోజూ తిన్నారు కదా అంటారే, ఈయన చెప్పేది ఆ లెక్క.

లెక్కలరాయుడు: అమ్మా, నిలకడ లేకపోవడం ఈ ఆట స్వభావం. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్ల బంతి ఇంచుమించు 0.4 సెకన్లలో వచ్చి పడుతుంది. అది నేరుగా వస్తుందో, ఆఖర్న జారుతుందో అందులో సగం సమయంలోనే తేల్చుకోవాలి. పదిసార్లలో మూడుసార్లు కొట్టగలిగినవాణ్ణి ఇక్కడ నెత్తిన పెట్టుకుంటారు. పైగా ఈమధ్య అందరికీ హోమ్ రనే కావాలి. ఊపితే గోడ అవతల, లేకపోతే స్ట్రైకౌట్. ఈ ఏడు మేజర్ లీగుల్లో హిట్ల కంటే స్ట్రైకౌట్లే ఎక్కువయ్యేట్టున్నాయి. అదే జరిగితే చరిత్రలో మొదటిసారి.

పెద్దాయన: అదీ అసలు జబ్బు! మా రోజుల్లో మెల్లగా తట్టి ఒక బేస్, ఇంకొకడు తట్టి ఇంకో బేస్. 1986లో మనం గెలిచిన సిరీస్ చూశాను నేను.

నిట్టూర్పు: ఆరో ఆటలో బోస్టన్ బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి జారిపోబట్టి బతికాం. అదీ మన హిట్టింగే!

పెద్దాయన: కొట్టబట్టే కదయ్యా జారింది!

కొత్తబ్బాయి: కొట్టనివాళ్లకి జీతాలు తగ్గించొచ్చు కదండీ?

నిట్టూర్పు: జీతాలా! మన హిట్టర్ సెస్పడెస్‌కి నాలుగేళ్లకి 11 కోట్ల డాలర్లు. ఈ ఏడాది 38 ఆటలు ఆడి మడమలు చూపించుకోడానికి వెళ్లాడు. రెండు మడమలకీ ఆపరేషనే. ఇక బాబీ బోనీయా సంగతి విన్నావా? 2001లో ఆట మానేశాడు. ఏటా జులై ఒకటిన దాదాపు 12 లక్షల డాలర్లు అందుకుంటున్నాడు. 2035 దాకా ఇస్తూనే ఉండాలి.

కొత్తబ్బాయి: ఎలాగూ డబ్బిస్తున్నారుగా, ఆయన్నే ఓసారి బ్యాటింగ్‌కి పిలవొచ్చుగా?

(ఎవరూ నవ్వరు. లెక్కలరాయుడు ఫోన్లో ఆయన వయసు చూసి, కాసేపు నిజంగానే ఆలోచిస్తాడు.)

వాస్తు: బ్యాటింగ్ అంటే గుర్తొచ్చింది. మే 9న సిన్సినాటిలో ఏం జరిగింది? అంపైర్‌కిచ్చిన జాబితాలో ఒక వరస, మైదానంలో ఇంకో వరస. రెండు బేస్‌లు సంపాదించిన దెబ్బ చెల్లకుండా పోయింది. ఆ ఆట 2–1తో ఓడాం. వరస తప్పింది కాబట్టే రాత తప్పింది.

పిన్ని: కాగితం సరిగ్గా రాసుకోలేకపోవడానికి గ్రహాలేం చేస్తాయి నాయనా!

పెద్దాయన: ఇంతకీ మన నేషనల్ లీగు అసలైన లీగు. అమెరికన్ లీగులో 1973 నుంచీ పిచర్ బదులు ఇంకొకడు బ్యాట్ పడతాడు. మన దగ్గర పిచరే వచ్చి కొట్టాలి. అదీ మగతనం!

లెక్కలరాయుడు: ఆగస్టు 28న షికాగోలో అదే అయింది. డిగ్రామ్ ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒకే పరుగిచ్చాడు. తనే హిట్ కొట్టి మన ఒక్క పరుగూ తెచ్చిపెట్టాడు. ఇద్దరికీ చెరొకటి. వాన పడి ఆట ఆగింది. మర్నాడు కొనసాగించి ఓడాం. గెలుపు లేదు, ఓటమి లేదు, అతని ఖాతాలో సున్నా.

నిట్టూర్పు: నా గుండె తరుక్కుపోతుంది. ఇలాంటి జట్టుని నేను ఏనాడూ నమ్మలేదు.

పిన్ని: ఏప్రిల్లో పన్నెండు ఆటల్లో పదకొండు గెలిచినప్పుడు, వరల్డ్ సిరీస్ చూడాలని అక్టోబరుకి ఆఫీసులో సెలవు పెట్టిందెవరు?

నిట్టూర్పు: అప్పటికి జూన్ రాలేదండీ. జూన్లో 5 గెలిచి 21 ఓడతారని ఎవరు కలగన్నారు?

కొత్తబ్బాయి: ఇంతకీ డిగ్రామ్ ఏమంటున్నాడు? జట్టువాళ్లని తిట్టాడా?

లెక్కలరాయుడు: బయటికి ఒక్కమాట అన్నట్టు నేను చదవలేదు.

పెద్దాయన: అందుకే తిట్టే బాధ్యత మనం తీసుకున్నాం.

(పిన్ని ట్రే ఎత్తి, ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది.)

నిట్టూర్పు: అసలు ధర్మం ఉండొద్దూ? ఒక్కడు చచ్చీచెడీ పని చేస్తూ ఉంటే తక్కినవాళ్లు చేతులు కట్టుకు కూచోవడమేమిటి?

వాస్తు: బాగా చెప్పారు.

పెద్దాయన: సిగ్గుండాలి.

లెక్కలరాయుడు: అంకెలు కూడా అదే చెబుతున్నాయి. పిన్నిగారూ, ఇంకో మసాలా దోసె.

పిన్ని: చెప్పుకోండి బాబూ, కౌంటర్ అక్కడే ఉంది. టికెట్లు నేనే కొన్నాను, కారు నేనే నడిపాను, పార్కింగ్‌కీ నేనే కడతాను. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి. ఇక బుల్‌పెన్ నుంచి, బదులు పిచర్ లేచినట్టు, ఎవరైనా లేవండి.

(కొత్తబ్బాయి లేచి ప్లేట్లు అందుకుంటాడు. తక్కిన నలుగురూ, ఇవాళ మెట్స్ మొదటి పరుగు ఎవరు కొడతారన్న దాని మీద పందెం వేసుకుంటూ మెట్లెక్కుతారు.)

ఆ రాత్రి డిగ్రామ్ ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు. మెట్స్ 3–0తో గెలిచారు. సీజన్ ముగిసేసరికి జట్టు 77 గెలిచి 85 ఓడింది. అతని లెక్క 10 గెలుపులు, 9 ఓటములు, సగటు 1.70. నవంబరులో నేషనల్ లీగు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డుకి 30 మొదటి స్థానం ఓట్లలో 29 అతనికే పడ్డాయి. అంత తక్కువ గెలుపులతో అంతకు ముందు ఏ స్టార్టింగ్ పిచరూ ఆ అవార్డు అందుకోలేదు.