సూపర్‌వైజరు సారుకు శుభాకాంక్షలు

అభినందనలు నాయనా! నిన్నటిదాకా గంటల లెక్కన కూలి తీసుకున్నోడివి, నేటినుంచి నెల జీతగాడివి. నల్లమాడ బస్టాండులో టీ తాగేవాళ్లు అప్పుడే నిన్ను ‘సారూ’ అంటున్నారు. మెడలో ట్యాగు రంగు మారింది. రాత్రి పదింటికి ఫోన్ చేసి పని చెప్పేటంత నమ్మకం కంపెనీకి నీమీద కుదిరింది.

ఎంత పెరిగింది అంటే మాట మారుస్తావు. సరే, నేనే కూడతా. గంటకు 75 రూపాయలనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు: 15,600. నెలలో 24 గంటలు ఓటీ చేసేవాడివి. ఓటీకి రెండింతలు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది కాబట్టి ఇంకో 3,600. మొత్తం 19,200. ఇప్పుడు నీ జీతం 18,500. ఓటీ లేదు, సార్లకు ఓటీ ఏంది, అసియ్యంగా! అంటే 700 ఎదురిచ్చి కుర్చీ కొనుక్కున్నావు. ఆ కుర్చీలో కూర్చునే తీరికుంటే చెప్పు, వచ్చి చూస్తా.

మన చేన్లలో బుడ్డలు పీకే ఆడోళ్లు నీకంటే లెక్కగలోళ్లు. పొద్దు వంగినాక ఇంకో సాలు పట్టమంటే, ‘దానికెంతిస్తావప్పా?’ అని గెనెం మీదే తేల్చుకుంటారు. వాళ్లలో ఒకామెకు ‘బుడ్డల విభాగాధిపతి’ అని బిరుదిచ్చి చీకటి పడేదాకా వంచాలన్న ఉపాయం మన రెడ్లకూ నాయుళ్లకూ ఇన్ని కరువుల్లోనూ తట్టలేదు పాపం. చదువుకున్నోళ్లకే తట్టింది.

ఇది హిందూపురం, పెనుకొండ ఫ్యాక్టరీలతో పుట్టిన విద్య కాదులే. అమెరికాలో వారానికి 684 డాలర్ల జీతం దాటించి, మేనేజరు పని అప్పగిస్తే ఓటీ ఇవ్వక్కర్లేదు. పని అప్పగించడం కష్టం, పేరు పెట్టడం సులువు. గడపలో కూర్చుని వచ్చినోళ్లను పలకరించే ఉద్యోగికి ‘డైరెక్టర్ ఆఫ్ ఫస్ట్ ఇంప్రెషన్’ అని పేరు పెట్టారని 2023లో అక్కడి పరిశోధకులే బయటపెట్టారు. అట్లా ఒక్కో ఉత్తుత్తి మేనేజరు మీద ఓటీ ఖర్చులో దాదాపు 13.5 శాతం మిగుల్చుకుంటున్నారని లెక్క కట్టారు. నయం, నీకు సూపర్‌వైజరుతోనే సరిపెట్టారు.

హోదా పేరు కాదు, చేసే పని చూడాలని మన సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట పట్టుకుని అనంతపురం లేబర్ కోర్టుకు పోవాలంటే సెలవు కావాలి. సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఎవరో నీకు తెలుసు.

ఇంకో సంగతి. సూపర్‌వైజరు పని చేసేవాడి వేతనం ఓ గీత దాటితే కార్మికుల చట్టం వాణ్ణి కార్మికుడిగా లెక్కించదు. ఆ గీత 2010 నుంచి 10,000. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో 18,000. నీకు సరిగ్గా 18,500 ఎట్లా కుదిరిందంటావు? రేపు పోయి, ‘సార్, నెలకు 500 తగ్గించుకోండి, నన్ను మళ్లీ కార్మికుణ్ణి చెయ్యండి’ అని అడిగి చూడు. పైసా పైసాకు లెక్క చూసే కంపెనీ, ఆ 500 మాత్రం వద్దే వద్దంటుంది.