ముందు నన్ను అడగండి

నా పేరు టీపీఎస్65217సీ. చిటికెన వేలి గోరంత నల్ల చిప్పుని. బీగిల్‌బోన్ బ్లాక్ అనే బోర్డు మీద ప్రాసెసర్‌కి దగ్గర్లోనే ఉంటాను. బయటి నుంచి నాకు 5 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్ అంత తినలేదు. ఏ వేళకు ఎంత కావాలో అంతకి దించి వడ్డించడం నా పని. మా బోర్డులు 2013లో బజారుకొచ్చాయి. నాది రెండు మూడు చేతులు మారి, శృంగవరపుకోటలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదివే కుర్రాడి బల్ల మీదికి చేరింది. వాళ్ళ నాన్న అరకు ఘాటు రోడ్డు మీద బస్సు నడుపుతాడు.

ప్రాసెసర్‌కి అయిదు నడకలున్నాయి. 300 మెగాహెర్ట్జ్‌కి 0.95 వోల్టులు చాలు. 600కి 1.1, 720కి 1.2, 800కి 1.26, 1000కి 1.325 కావాలి. ఎప్పుడూ 1.325 ఇచ్చేస్తే గొడవే ఉండదు కదా అని కుర్రాడి స్నేహితుడు ఒకసారి అన్నాడు. ఆ మాట నాకు కష్టమనిపించింది. శక్తి ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 300 దగ్గర నడుస్తూ 1.325 తింటే, అదే పనికి దాదాపు రెట్టింపు శక్తి కాలిపోతుంది. బ్యాటరీ మీద బతికే పరికరానికి అది పెద్ద నష్టం.

ఎక్కువైతే వేడి. తక్కువైతే అంతకన్నా ముప్పు. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో టిక్కుకీ ఒక్క నానోసెకండే గడువు. ఆ లోపల సంకేతం ట్రాన్సిస్టర్లన్నీ దాటి అవతలి గట్టు చేరాలి. వోల్టేజీ చాలకపోతే ట్రాన్సిస్టర్లు మందగిస్తాయి, సంకేతం దారిలో ఉండగానే తర్వాతి టిక్కు కొట్టేస్తుంది. 1 ఉండాల్సిన చోట 0 నమోదవుతుంది. పొగ రాదు, చప్పుడు ఉండదు. ఒక్కోసారి యంత్రం బిగుసుకుపోతుంది, అది నయం. ఒక్కోసారి తప్పు లెక్కనే ఒప్పులెక్కలా ఫైల్లో రాసేస్తుంది.

కుర్రాడు నేర్చుకోవాలనే పట్టుదలతో లినక్స్ కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్ని పక్కనపెట్టి సొంతంగా ఒకటి రాశాడు. అందులో ముందు క్లాక్ వేగం మార్చి, తర్వాత నా దగ్గరికొచ్చాడు. వేగం తగ్గించేటప్పుడు అదే సరైన వరస. ముందు నడక నెమ్మదించాలి, తర్వాతే తిండి తగ్గించాలి. అందుకే 1000 నుంచి 300కి ఎన్నిసార్లు దించినా బాగానే ఉంది. పైకి ఎక్కించబోతేనే బోర్డు బిగుసుకుపోయేది.

నాతో మాట్లాడాలంటే ఐ2సీ అనే రెండు తీగల దారి ఒక్కటే ఉంది, అది నెమ్మదైన దారి. పైగా నా వోల్టేజీ రిజిస్టర్లకు తాళం ఉంది. రిజిస్టర్ నంబరును 0x7డీతో ఎక్స్‌ఓఆర్ చేసి పాస్‌వర్డ్‌గా రాయాలి, తర్వాత విలువ రాయాలి, మళ్ళీ ఆ రెండూ చేయాలి. చివర్లో ‘గో’ అనే బిట్ పెడితేనే నేను కదులుతాను. పొరపాటు రాత ఒక్కటి ప్రాసెసర్‌ని మాడ్చేయగలదు కాబట్టి ఇన్ని గడియలు పెట్టారు. ఈ తతంగానికి వంద మైక్రోసెకండ్లు పట్టినా, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ లోపల 30,000 టిక్కులు నడుస్తుంది. 1000 అయితే లక్ష. కుర్రాడి వరసలో నన్ను అడగాల్సిన కోడే ఆకలితో పరిగెడుతున్న ప్రాసెసర్ మీద నడవాలి. అడగకముందే అది పడిపోయేది. నేను ఇక్కడే ఉన్నాను, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, నాకు కబురే అందలేదు.

ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చిన తండ్రి అడిగాడు. “ఏట్రా, ఇంకా పడుకోనేదు?”

“స్పీడు దించితే బాగుంతంది నాన్నా, పెంచితేనే ఆగిపోతంది.”

“ఎక్కుడికీ దిగుడికీ ఒకే వరస పెట్టీసినావేటి? ఘాటు ఎక్కినప్పుడు బండి ఈడ్వలేక ఆగిపోనాక గేరు మారిస్తే ఏటవుద్ది? ముందే మార్చుకోవాల.”

కుర్రాడు మళ్ళీ కెర్నెల్ కోడు తెరిచాడు. నాలాంటి చిప్పులతో మాట్లాడే, లియామ్ గిర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్‌ల రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ 2008లో లినక్స్‌లో చేరింది. ప్రాసెసర్ వేగం మార్చే సీపీయూఫ్రీక్ బాధ్యత చూసేవాళ్ళలో ఒకరైన విరేశ్ కుమార్ మన దేశపు ఇంజనీరే. వాళ్ళ కోడు పైకి ఎక్కేటప్పుడు ముందు నన్ను అడుగుతుంది, వోల్టేజీ కుదురుకునేదాకా ఆగుతుంది, ఆ తర్వాతే క్లాక్‌ని ముట్టుకుంటుంది. నేను ఇవ్వలేకపోతే పాత వేగంలోనే ఉండిపోతుంది.

ఈ వోల్టేజీల దగ్గర నా మెట్లు 25 మిల్లీవోల్టులవి. కచ్చితంగా 1.26 ఇవ్వలేను, 1.25 గానీ 1.275 గానీ ఇవ్వగలను. పట్టికలో పై హద్దు 1.2852 అని ఉంటుంది కాబట్టి 1.275 తీసుకుంటారు. హద్దు లోపల కాస్త ఎక్కువ పరవాలేదన్న ఆ తీర్పు నాకు నచ్చింది.

కుర్రాడు వరస దిద్దుకున్నాడు. కానీ ఇంకో తప్పు మిగిలింది. నా జవాబు ఏమైందో అతని కోడు చూడలేదు. ఒకసారి ఐ2సీ దారిలో అంతరాయం వచ్చి, నా జవాబు అందక ఎర్రర్ వచ్చినా, అది క్లాక్ పెంచేసింది. ఆ రోజు అతని ప్రాజెక్టు రిపోర్టు ఫైలు పాడైంది. మరుసటి రోజు కూర్చుని, ఎర్రర్ వస్తే వెనక్కి తిరిగే నాలుగు పంక్తులు రాశాడు. ఆ తర్వాత బోర్డు మళ్ళీ బిగుసుకుపోలేదు.

డ్రైవర్ రాసే అబ్బాయిలూ, అమ్మాయిలూ, వేగం పెంచేముందు నన్ను అడగండి. నేను చెప్పిన జవాబు చదివాకే క్లాక్ మీద చెయ్యి వేయండి.