ఫార్ములా పండితుల వికీ వ్రతకల్పం

ఈ వ్రతానికి తలంటు అక్కర్లేదు, తాంబూలం అక్కర్లేదు. ఉపవాసం మాత్రం దానంతటదే జరిగిపోతుంది. ఐరోపాలో రేసు మధ్యాహ్నం మూడింటికి మొదలైతే మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నర. ఆరున్నరకి లాప్‌టాప్ ముందు కూర్చున్న భక్తుడు ఫలితాల పట్టికలో పదిహేడో స్థానం ఎవరిదో తేలేదాకా లేవడు. ఈలోగా పెసరట్టు చల్లారుతుంది. ఇంటావిడ కోపం చల్లారదు.

ముందు అర్హతలు చూద్దాం. ఫార్ములా వన్ గురించి మీ వీధిలో ఇంకెవరికీ తెలియనంత మీకు తెలిసుండాలి. 1988లో 105 పాయింట్లు తెచ్చుకున్న ప్రాస్ట్, 94 తెచ్చుకున్న సెన్నా చేతిలో ఎలా ఓడిపోయాడో పెళ్ళిభోజనాల్లో పక్క విస్తరాయనకి చెప్పి ఉండాలి. (పదహారు రేసుల్లో మేలైన పదకొండే లెక్కకొచ్చేవి. అలా కోసేస్తే 87, 90 మిగిలాయి.) ఆయన పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయి ఉండాలి. ఇంట్లో వినేవాళ్ళు లేరు, ఆఫీసులో వినేవాళ్ళు లేరు. ఇలా చెవులు దొరకనివాళ్ళ కోసమే 2001 జనవరిలో వికీపీడియా పుట్టింది, 2003 డిసెంబరులో తెలుగు వికీ పుట్టింది. పుట్టించినవాళ్ళు ఇంకేదో అనుకుని ఉండొచ్చు. అది వాళ్ళ అమాయకత్వం.

ఖాతా తెరవండి. మీ తటస్థత మీద లోకానికి నమ్మకం కుదరాలంటే వాడుకరి పేరులో అభిమాన డ్రైవరు పేరూ అతని కారు నంబరూ తప్పనిసరి. నియమాల పేజీలు చాలా ఉంటాయి, అవి కొత్తవాళ్ళకి. ముప్ఫై ఏళ్ళుగా రేసులు చూస్తున్న మీరు కొత్తవారెలా అవుతారు? ప్రయోగశాల అని ఒక చోటుంటుంది. చెయ్యి తిరగడానికి అక్కడ ఏం రాసుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనని చోట మనకేం పని? నేరుగా హామిల్టన్ వ్యాసానికి వెళ్ళి మొదటి వాక్యం మార్చండి.

అరనిమిషంలో మీ వాక్యం మాయమవుతుంది. ఇదేమిటని అడిగితే "మూలం లేదు" అంటారు.

ఈ మూలం సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, వ్రతంలో కష్టమంతా ఇక్కడే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో కరెంటు కార్ల 'ఫార్ములా-ఈ' రేసు జరిగింది. ఆ పోటీ మన దేశానికి రావడం అదే మొదలు. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాకు, అంటే రోజూ మనం హారన్ కొట్టుకుంటూ ఈడ్చుకుపోయే రోడ్లే. నేను స్టాండులో ఉన్నాను. జాగ్వార్ జట్టు సామ్ బర్డ్ వెళ్ళి వెళ్ళి సొంత జట్టువాడైన మిచ్ ఎవాన్స్‌నే గుద్దాడు. రెండు కార్ల కథా అక్కడితో సరి. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే ఆ సంగతి రాశాను. "మూలం?" అన్నారు. "నేనే చూశానండీ" అన్నాను. నేను మూలాన్ని కానట. నేను చూసింది మౌలిక పరిశోధన కిందికొస్తుందట. నన్ను ఒకరు పరిశోధకుడనడం జీవితంలో ఆ ఒక్కసారే. మర్నాడు ఇంకొకాయన అదే వాక్యానికి ఏదో పత్రిక లింకు తగిలించి పెట్టాడు, నిలిచింది. ఆ వార్త రాసిన విలేకరి రేసు చూసింది టీవీలోనేనని నా గట్టి అనుమానం. దానికీ మూలం లేదు.

కాబట్టి అనుభవంమీద చెబుతున్నాను. మీకు తెలిసిన ముక్కని జనసంచారం లేని ఏ వ్యాసంలోనో ఒక మూల, మూలం లేకుండా పడెయ్యండి. ఏదో ఒకరోజు తీరికలేని ఉపసంపాదకుడొకడు దాన్ని ఎత్తి బాక్సు కట్టి వేస్తాడు. అప్పుడు ఆ పత్రికనే మూలంగా చూపించండి. గుడ్డు ముందా కోడి ముందా అని అడిగేవాడికి రెండూ మీ ఇంట్లోవే.

ఇక వ్రతకథ. అక్షింతలు చేతిలో పట్టుకోండి.

2005 జూన్ 19, ఇండియానాపొలిస్. ఆ ట్రాకులో వాలుగా కట్టిన ఆఖరి మలుపుని మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని ప్రాక్టీసులోనే తేలింది. ఫార్మేషన్ లాప్ అవగానే 14 కార్లు బుద్ధిగా పిట్స్‌లోకి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు మిగిలాయి: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. ఒక జోర్డాన్‌లో మన నారాయణ్ కార్తికేయన్. నాలుగో స్థానం, 5 పాయింట్లు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదటిసారి. ఆయనకి మళ్ళీ రాలేదు కూడా.

దీన్ని ఒక్క వాక్యంలో రాయండి, చూద్దాం.

"నాలుగో స్థానంలో నిలిచాడు" అని నేను రాశాను. నిజమే కదా. దాని ముందు "ఆరు కార్ల రేసులో" అని ఒకాయన చేర్చాడు. అదీ నిజమే. నిజమైనంత మాత్రాన ఊరుకుంటామా? ఆ ముక్క తీసేసి "మిగతా జట్లు తప్పుకోగా" అని పెట్టాను. ఆయన "భద్రతా కారణాలవల్ల తప్పుకోగా" అని దిద్దాడు. తప్పుకున్నవాళ్ళ తప్పు పరుగెత్తినవాడికి చుట్టరాదని నేనొక వాక్యం రాశాను. తటస్థ దృక్కోణం లేదని కొట్టేశారు. "రెండు మినార్డీలను వెనక్కి నెట్టి" అన్నాను. ఆ రోజుల్లో మినార్డీని వెనక్కి నెట్టనివాడు ఎవడండీ అని చర్చాపేజీలో ఎదురుప్రశ్న వచ్చింది. "ఆరింటిలో" అన్న మాట వాక్యం మొదట్లో ఉండాలా, చివర్లో ఉండాలా, బ్రాకెట్లో ఉండాలా అన్నదానిమీద మేమిద్దరం రాసుకున్నది అసలు వ్యాసం కంటే పొడుగు తేలింది. ఆయన పేరేమిటో, ఏ ఊరో ఇవాళ్టికీ తెలియదు. రాత్రి రెండింటికి మేలుకునే ఉంటాడని మాత్రం తెలుసు. నా గురించి ఆయనకీ ఆ మాత్రం తెలిసే ఉంటుంది.

ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకి మించి ఎదుటివాడి రాత వెనక్కి తిప్పకూడదని నియమం. గౌరవించండి. ఇరవైనాలుగు గంటల ఒక నిమిషానికి అలారం పెట్టుకోండి. మీ మాటకి వంత పాడటానికి మీరే రెండో ఖాతా తెరవాలన్న ఆలోచన వద్దు. మొదటి ఖాతాలో ఉన్న అక్షరదోషమే రెండోదాంట్లోనూ ఉంటుంది, పట్టేస్తారు. గొడవ ముదిరితే రచ్చబండ ఎక్కండి. తెలుగు వికీలో నలుగురూ చేరి మాట్లాడుకునే చోటుకి నిజంగానే ఆ పేరు పెట్టారు. ముందుచూపున్నవాళ్ళు.

రాతలో పేచీలు అయ్యాక పట్టికల్లోకి దిగండి. గెలిచినవాడి గడికి బంగారు రంగు, రెండోవాడికి వెండి, మూడోవాడికి కంచు. పాయింట్లొస్తే ఆకుపచ్చ, రాకుండా గమ్యం చేరితే నీలం, మధ్యలో బండి ఆగిపోతే లేత వంకాయ రంగు. ఆ వంకాయ ఇంకాస్త లేతగా ఉండాలని మీరొక ప్రతిపాదన పెట్టారంటే ఆర్నెల్లపాటు మీ ఆదివారాలకి ఢోకా ఉండదు. అది చాలకపోతే 1954 ఉంది. అప్పట్లో అందరికన్నా వేగంగా ఒక లాప్ తిరిగినవాడికి ఒక పాయింటు ఇచ్చేవారు. సిల్వర్‌స్టోన్‌లో ఆ ఏడాది గడియారాలు సెకను కంటే సన్నంగా కొలవలేదు. ఏడుగురికి ఒకే సమయం వచ్చింది. ఒక్క కుడుముని ఏడుగురు పిల్లలకి పంచినట్టు ఒక్క పాయింటుని ఏడు ముక్కలు చేశారు. ఆ పైన బెల్జియంలో గొంజాలెజ్, మైక్ హాథార్న్ ఒకే కారుని వంతులవారీగా నడిపి మూడు పాయింట్లు చెరి సగం చేసుకున్నారు. అలా ఏడాది చివర హాథార్న్ ఖాతాలో 24 పాయింట్లు, ఆ పైన 9/14 తేలాయి. ఈ అంకె కనబడగానే పండితుడి ఒళ్ళు పులకరిస్తుంది. భిన్నంలో ఉంటే దశాంశంలో ఉండాలనండి, దశాంశంలో ఉంటే భిన్నమనండి.

జెండాలు మరో అక్షయపాత్ర. జర్మనీలో పుట్టి ఆస్ట్రియా లైసెన్సుతో పరుగెత్తిన యోహెన్ రిండ్ట్ పేరు పక్కన ఏ జెండా పెట్టాలో నియమం స్పష్టంగా ఉంది. ఉన్నా అడగండి. ఫోర్స్ ఇండియా మన లైసెన్సుతో నడిచిన జట్టు. కార్ఖానా సిల్వర్‌స్టోన్ పక్కన, రేసులో ఏనాడూ భారతీయ డ్రైవరు లేడు. 2018లో అది దివాలా అంచుకొచ్చి చేతులు మారింది. ఆగస్టులో అదే కార్లు, అదే డ్రైవర్లు, బ్రిటిష్ లైసెన్సుతో కొత్త జట్టుగా మళ్ళీ వచ్చాయి. పాత జట్టు సంపాదించిన 59 పాయింట్లు లెక్కలోంచి తీసేశారు, డ్రైవర్ల పాయింట్లు మాత్రం వాళ్ళకే ఉంచారు. ఇది ఒక జట్టా, రెండు జట్లా? అన్నదమ్ములు ఆస్తులు పంచుకున్నాక తద్దినం ఎవరింట్లో అన్నంత జటిలమైన ప్రశ్న. వాక్యంలో తేల్చేసి పాడుచేయకండి.

తెలుగులో రాసేవారికి ఇంకో సౌకర్యముంది, అనువాద యంత్రం. ఇంగ్లీషు వ్యాసం అందులో వేసి తిప్పితే చాలు, మూడో లాప్‌లో ఇంజను పొగచిమ్మిన డ్రైవరు మూడో ఒడిలో పదవీ విరమణ చేస్తాడు. పోల్ పొజిషన్ సంపాదించినవాడు స్తంభం దగ్గర నిలబడతాడు. టైర్లు మార్చుకోవడానికి గుంటలో ఆగుతాడు. ఫెరారీ "నిర్మాతల" ఛాంపియన్‌షిప్ గెలిచిందని చదివి ఫిలింనగర్‌లో ఎవరైనా ఫోన్ చేసినా చేస్తారు. యంత్రం పొడ గిట్టని శుద్ధాంధ్రవాదులు దీనికి విరుగుడుగా పోల్ పొజిషన్‌ని "అగ్రారంభస్థానం" చేసి, పిట్ స్టాప్‌కి ఇంకా పేరు వెతుకుతున్నారు. పత్రికల ఆటల పేజీ చదివే ప్రతివాడూ పోల్ పొజిషన్, పిట్ స్టాప్ అనే అంటున్నాడు కదా, అలాగే రాసేద్దామని ఎవరైనా అంటే వాడికి భాషాభిమానం లేదని చర్చాపేజీలో నమోదు చేయండి.

వేగం మరిచిపోకండి. రేసులో మొదటివాడి కారు ముక్కు గీత దాటకముందే అతని గెలుపుల సంఖ్య ఒకటి పెంచినవాడే పండితుల్లో విజేత. 2024 జులైలో స్పా ట్రాకులో జార్జ్ రసెల్ ముందు వచ్చాడు. పట్టికలన్నీ మిలమిల్లాడాయి. తర్వాత కారు తూస్తే ఉండాల్సినదానికంటే కిలోన్నర తక్కువ తూగింది. రసెల్ లేచిపోయాడు, హామిల్టన్ గెలిచాడు, మీరు ఒకే సాయంత్రం రెండుసార్లు దిద్దే భాగ్యానికి నోచుకున్నారు. 2003లో బ్రెజిల్ రేసు విజేత రైకోనెన్ కాదు, ఫిసికెల్లా అని తేలడానికి ఆ వారమంతా పట్టింది. ఆగి రాసేవాడికి ఈ ఆనందాలు ఎక్కడివి?

చేయకూడని పని ఒకటుంది, అది కూడా చెప్పి ముగిస్తాను. మా నెల్లూరునుంచి మద్రాసు బస్సులో వెళుతుంటే ఊరు ఇంకాస్త దూరముందనగా షోలవరం వచ్చేది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దానిమీద రేసులు పెట్టేది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు వచ్చేదాకా మావైపు రేసంటే షోలవరమే. మా బాబాయి నన్ను రెండేళ్ళు వరసగా తీసుకెళ్ళాడు. అక్కడ అమ్మిన ప్రోగ్రామ్ పుస్తకాలు, ఏ రేసులో ఎవరు, ఏ బండి, ఎన్ని సీసీ, అంతా అచ్చులో ఉన్నవి, మా అటకమీద ట్రంకుపెట్టెలో పడున్నాయి. ఈ ముక్క ఓసారి చర్చాపేజీలో నోరు జారాను. రాత్రి రెండింటి మనిషే జవాబిచ్చాడు: "అచ్చయిన ప్రోగ్రామా? అది మూలమేనండీ. వాటి గురించి రాసేవాళ్ళు లేరు. మీరు చూసి రాయండి, పట్టికలు నేను కడతాను."

ఇలాంటి వలలో పడకండి. షోలవరం గురించి ఎంత రాసినా వచ్చి కొట్టేసేవాడు ఉండడు. చర్చాపేజీలో పురుగు కూడా తిరగదు. పైగా అటక ఎక్కాలంటే నిచ్చెన కావాలి, నిచ్చెన పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి సంక్రాంతినుంచి ఇవ్వలేదు. పుస్తకాలకి చెదలు పట్టి ఉండొచ్చు, పట్టకపోయీ ఉండొచ్చు. వేసవిలో చూద్దాం. ఇప్పుడు టైము ఆరుంపావు. "ఆరింటిలో" మళ్ళీ వాక్యం మొదటికి వచ్చి కూర్చుందేమో ఒకసారి చూసుకోవాలి.