సి డ్రైవ్‌లో కబ్జాలు తొలగించండి మహాప్రభో!

హైడ్రా కమిషనర్ గారికి,
బుద్ధ భవన్, సికింద్రాబాద్.

విషయం: హైటెక్ సిటీ వెనక, కొండాపూర్‌లో, 256 జీబీ విస్తీర్ణం గల నా ల్యాప్‌టాప్ పూర్తిగా కబ్జాకు గురైన విషయమై.

అయ్యా,

సోమవారం ప్రజావాణికి వచ్చి మీ చేతికే ఇద్దామనుకున్నాను. కానీ సోమవారం పొద్దున మాకు స్టాండప్ కాల్. పేరుకే స్టాండప్, అందరూ కూర్చునే గంటన్నర లాగుతారు. అందుకని ఇలా బహిరంగంగా మొరపెట్టుకుంటున్నాను. మీరు ఎంత తొందరగా పనిచేస్తారో మా పక్క మాదాపూర్ వాళ్లకు తెలుసు. చెరువుల కబ్జాలు తొలగించడానికి 2024 జులైలో మీ సంస్థ పుట్టింది, ఆగస్టు 24న తమ్మిడికుంట చెరువు ఒడ్డున ఎన్ కన్వెన్షన్ హాలు నేలమట్టమైంది. నా కబ్జాలకు అంత కాంక్రీటు కూడా లేదు.

ముందు సర్వే వివరాలు. డబ్బా మీద 256 జీబీ అని ఉంది, విండోస్ కొలిస్తే 238 వచ్చింది. తేడాని ఎవరూ మింగలేదు. అమ్మేవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే. ఆ 238లో విండోస్ తన వాటా తాను తీసుకుంది. మిగిలినదాంట్లో నేనుండాలి. ఇప్పుడు ఖాళీ 4 జీబీ.

మీ చెరువులకు ఎఫ్‌టీఎల్ (నిండితే నీరు చేరే హద్దు) ఉన్నట్టే దీనికీ ఒకటి ఉంది. ఖాళీ పదో వంతుకంటే తగ్గితే సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. బఫర్ జోన్‌లో కడితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు మీకు రోజూ తగులుతుంటారు, ఇక్కడా అదే మాట. కానీ ఈ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ, ఇందులో పాత రాత మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక బ్లాకు మొత్తం చెరిపితేగాని అందులో మళ్లీ రాయలేం. చెరపాలంటే అందులో బతికున్న డేటాను ముందు పక్క ఖాళీ బ్లాకులోకి జరపాలి. ఖాళీయే లేకపోతే ఉన్న కాస్త చోట్లో అటూ ఇటూ జరుపుతూ డ్రైవ్ ఆయాసపడుతుంది, మనకు తెర మీద నీలి చక్రం తిరుగుతుంది. అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది.

ఇక ఆక్రమణదారులు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌తోనే మొదలుపెట్టండి. ఆధార్ పీడీఎఫ్, ఆధార్ ఒకటి, ఆధార్ రెండు... వెతికే ఓపిక లేక అడిగినప్పుడల్లా మళ్లీ దించినవి. రెంటల్ అగ్రిమెంట్ ఫైనల్, దాని పక్కన ఫైనల్ ఫైనల్, దాని కింద ‘ఓనర్ మార్చమన్నది’. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేసిన సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లు, పని అయిపోయినా ఖాళీ చేయని అద్దెదారులు. స్టార్టప్ పెడదామని మూడు సంక్రాంతులకు మూడు ఐడియాలు మొదలుపెట్టాను. ఐడియాలు పోయాయి, వాటి నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు మాత్రం ఒక్కోటి వేల ఫైళ్లతో పాతుకుపోయాయి. వీటికి నోటీసు అక్కర్లేదు. కోడ్ గిట్‌లో ఉంటే చాలు, ఇవి ఒక్క కమాండ్‌తో మళ్లీ దిగుతాయి. ఇలాంటివాటిని క్లౌడ్‌కు ఎక్కించేవాళ్లు మా వీధిలో ఉన్నారు. వాళ్ల సింక్ గుర్తు దసరాకు తిరగడం మొదలుపెడితే దీపావళికీ తిరుగుతూనే ఉంటుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి మీ ముందుకు తేను. అది కంపెనీ భూమి, నేను కౌలుదారును. అందులోంచి ఒక్క ఫైలు సొంత డ్రైవ్‌లోకి లాగబోతే ఎర్ర పెట్టె వస్తుంది, మేనేజరుకు మెయిల్ పోతుంది. చోటు చాలక అలా చేశానంటే హెచ్‌ఆర్‌లో ఎవరూ నమ్మరు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. ఎవరినడిగినా ఒకటే సలహా: క్లౌడ్‌లో పడేయ్. మన హైదరాబాద్‌లో ఆ క్లౌడ్‌కు చిరునామా ఉంది. అమెజాన్ వాళ్లు 2020 నవంబరులో రూ. 20,761 కోట్లతో డేటా సెంటర్లు ప్రకటించారు, 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచారు, ఆ తర్వాత 2030 నాటికి పెట్టుబడిని రూ. 36,300 కోట్లకు పెంచుతామన్నారు. షాబాద్ మండలం చందనవెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట, ఇవీ ఆ మేఘాలు దిగిన ఊళ్లు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2022 మార్చిలో తమ డేటా సెంటర్లు ప్రకటించారు. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖకు అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లన్నారు. నా ఆధార్ పీడీఎఫ్‌లు ఏ షెడ్డుకు పోతాయో నాకు తెలియదు, ముంబైకి పోవచ్చు, సింగపూర్‌కూ పోవచ్చు. ఎక్కడికి పోయినా ఎవరిదో ఒక ఊళ్లో నేల, కరెంటు, చల్లబరిచే ఏర్పాటు కావాలి.

ఇక్కడే మీకో చిక్కు. చందనవెల్లీ మీర్‌ఖాన్‌పేటా ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) అవతల. మీ పరిధి ఓఆర్‌ఆర్ వరకే. అంటే నా డౌన్‌లోడ్స్‌ను క్లౌడ్‌కు పంపడమంటే కబ్జాదారుణ్ణి ఖాళీ చేయించడం కాదు, మీకు దొరకని చోట డబుల్ బెడ్రూం ఇల్లు ఇప్పించడం. మా ఐటీ వాళ్లు దీన్ని మైగ్రేషన్ అంటారు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. అది తప్పించుకోవడానికి నెలనెలా అద్దె కట్టడానికి సిద్ధపడే జాతి మాది.

ఆ అద్దె ఎలా మొదలైందో కూడా చెప్పాలి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఉచితంగా 1 జీబీ ఇస్తామంటే ఫూల్ చేస్తున్నారనుకున్నారు జనం, ఎందుకంటే అప్పుడు హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ. 2013లో మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ అన్నారు. కుదించిన ఫొటోలు ఎన్నయినా ఉచితమన్నారు. అందరం పిల్లల బారసాల నుంచి బోనాల దాకా ఎక్కించాం. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవీ లెక్కలోకే అన్నారు. 2024కల్లా ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వచ్చింది. వన్‌డ్రైవ్ ఉచిత వాటా 2016లో 15 నుంచి 5 జీబీకి దిగింది. ఫ్రీగా పట్టాలిచ్చి, ఇల్లు కట్టాక శిస్తు వేసినట్టుంది.

అయినా అవసరం కొద్దీ ఎక్కించాల్సినవి ఉంటాయి. అక్కడా ఒక ఉచ్చు ఉంది. వన్‌డ్రైవ్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే ‘ఫ్రీ అప్ స్పేస్’ అని ఉంటుంది, కాస్త ఎడంగా ‘డిలీట్’ ఉంటుంది. మొదటిది నొక్కితే ఫైలు పేరు ఇక్కడే ఉంటుంది, సరుకు అక్కడ ఉంటుంది, పక్కన నీలి మబ్బు గుర్తు వస్తుంది. రెండోది నొక్కితే ఇక్కడా పోతుంది, అక్కడా పోతుంది. మా ఫ్లోర్‌లో ఒకాయన ‘క్లౌడ్‌లో ఉందిగా’ అని తన పీజీ సర్టిఫికెట్ల ఫోల్డర్ డిలీట్ కొట్టి, హెచ్1బీ వీసా పేపర్ల వేళ వెతుక్కున్నాడు. సొంత ఖాతాలో చెత్తబుట్ట గడువు 30 రోజులు, ఆఫీసు ఖాతాలో 93. ఆయనది సొంత ఖాతా. నీలి మబ్బు గుర్తుతో ఇంకో తంటా: నెట్ లేకపోతే అది ఫైలు కాదు, ఫైలు పేరు. శంషాబాద్ నుంచి విమానం లేచాక ప్రెజెంటేషన్ తెరిచినవాళ్లకు ఇది బాగా తెలుసు.

పోనీ అక్కడ భద్రమేనా? 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లో దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు కాలిపోయాయి. వాటికి ఇంకోచోట నకలు లేదు. కాబట్టి పట్టాదారు పాస్‌పుస్తకాలూ సర్టిఫికెట్లూ క్లౌడ్‌లో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్క్‌లో ఒకటి ఉంచుతున్నాను. వాటి జోలికి మీరు రావద్దు.

నివాసముంటున్న ఇళ్లను కూల్చబోమని 2024 సెప్టెంబరులో మీ సంస్థ తరఫున ప్రకటన వచ్చింది. ఆ న్యాయం నాకూ వర్తింపజేయండి: రోజూ తెరిచే ఫైళ్లను వదిలేయండి. సెటప్ ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్, వాట్సాప్ గుడ్ మార్నింగ్ గులాబీలు, రీసైకిల్ బిన్, వీటి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. తమ్ముడి పెళ్లి వీడియో మాత్రం ఆపండి, అది 48 జీబీ. ఇచ్చిన రోజున ఒక్కసారి పది నిమిషాలు చూశాం. అయినా మా అమ్మ స్టే తెచ్చుకున్నారు, ఆవిడ కోర్టు మీద అప్పీలు లేదు. దాన్ని హార్డ్ డిస్క్‌కు తరలించే బాధ్యత నాది.

శని, ఆదివారాల్లోనూ సూర్యాస్తమయం తర్వాతా వద్దు. ఆ వేళల్లో కూల్చివేతల మీద హైకోర్టు మిమ్మల్ని నిలదీసిన సంగతి నేను గుర్తుచేయనక్కర్లేదు, పైగా రాత్రి మాకు అమెరికా కాల్స్. బుధవారం పదకొండింటికి రండి. గేటు దగ్గర జేసీబీ అంటే అసోసియేషన్ సెక్రెటరీని పిలుస్తారు, ఆయన లాయరును పిలుస్తారు. డెలివరీ అని చెప్పండి, వదిలేస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు,
కొండాపూర్ వాసి, 4 జీబీ ఖాళీదారు