మా ఇంటి అభ్యర్థి

మా ఇంట్లో ఐఐటీకి ప్రిపేరవుతున్నది నేను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుకుంటోంది, అంతే.

జేఈఈ అంటే ఏదో పరీక్ష అని మాత్రం ఆ పిల్లకు తెలుసు. నాకైతే మెయిన్‌లో 75 ప్రశ్నలనీ, 300 మార్కులనీ, ఒప్పుకు నాలుగు వస్తే తప్పుకు ఒకటి పోతుందనీ, జనవరిలో, ఏప్రిల్‌లో రాసి ఏది మెరుగైతే అదే లెక్కలోకి వస్తుందనీ, పై నుంచి రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్ రాసే అర్హతనీ, అది వరుసగా రెండేళ్లలో రెండుసార్లకు మించి రాయనివ్వరనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిద్రలో లేపి అడిగేవాళ్లు లేరు గనక మెలకువగా ఉన్నవాళ్లకే చెబుతుంటాను. బ్యాంకులో నా కౌంటర్ ముందు పెన్షన్ కోసం నిలబడ్డ ఒక పెద్దాయనక్కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "అయితే నా డబ్బులకు రేపు రమ్మంటవా బిడ్డా?" అన్నాడు.

నా ఎంసెట్ ర్యాంకు గురించి ఇక్కడ రాయను. అప్పట్లో ఫలితాలు పేపర్లో వచ్చేవి. మా నాన్న ఆ పేపరే కింద పరుచుకుని పల్లీలు ఒలుచుకున్నాడు. నేను ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న సంగతి ఆయనకు బస్ పాస్ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు తెలిసింది. ఆయన పట్టించుకోకపోవడం వల్లే నేను బీఎస్సీ చేసి బ్యాంకులో తేలానని చాలా ఏళ్లు చెప్పుకుతిరిగాను. ఆ బాకీ ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేస్తున్నాను. కట్టాల్సినది మాత్రం మా అమ్మాయి.

మా రోజుల్లో హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాలనీ, ఆ ఎంట్రన్స్‌కు వేరే చోట మళ్లీ కోచింగ్ అనీ విని పగలబడి నవ్వుకున్నాం. నేను నవ్విన నవ్వు మా అమ్మాయి ఆరో తరగతిలోకి రాగానే ఆగిపోయింది. బడి బోర్డు మీద 'ఐఐటీ ఫౌండేషన్' అని కనిపించింది. పునాది అన్నాక ముందే వేయాలి కదా అని ఫీజు కట్టి వచ్చాను. ఆ పిల్లకు అప్పటికి పాలపళ్లు పూర్తిగా ఊడలేదు.

తర్వాత ఎచ్.సి. వర్మ భౌతికశాస్త్రం రెండు భాగాలూ తెచ్చాను. అది ఇంటర్ పిల్లలు చదివేదని కొట్టువాడు చెప్పినా వినలేదు. ముందు నేను చదివి, తర్వాత అమ్మాయికి చెబుదామని నా ఆలోచన. వానలో నడిచే మనిషి గొడుగు ఏ కోణంలో పట్టుకోవాలన్న లెక్క దగ్గర ఇరుక్కుపోయాను. వాన బాణం గుర్తు ఒకవైపు, మనిషి బాణం గుర్తు ఇంకోవైపు గీసి, మధ్యలో నేను తడిసిపోతున్నాను. అమ్మాయి వెనక నుంచి తొంగిచూసి, "డాడీ, ఆయనను జర ఏదన్న చెట్టు కింద ఆగమనొచ్చు కదా" అంది. నెగెటివ్ మార్కు వేశాను.

ఈ నెగెటివ్ మార్కుల పద్ధతి ఇంట్లో ప్రవేశపెట్టింది నేనే. తెలియనిది వదిలేయాలి, ఊహించి రాయకూడదు అన్న క్రమశిక్షణ చిన్నప్పటి నుంచే రావాలని. అమ్మాయి ఏం నేర్చుకుందో గానీ మా ఆవిడ బాగా నేర్చుకుంది. కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెచ్చిన రోజు, "తెలువనప్పుడు వదిలిపెట్టి రావాలె, మైనస్ వన్" అంది. ఆ వారం నా మొత్తం స్కోరు సున్నాకు కింద ఉంది.

పర్సంటైల్ సంగతి కూడా ఆవిడకు చెప్పి చూశాను. 99 పర్సంటైల్ అంటే 99 మార్కులు కాదు, నూటికి తొంభైతొమ్మిది మంది మనకంటే వెనక ఉన్నారని అర్థం అన్నాను. "రాసేది ఎందరు?" అంది. పది లక్షల పైచిలుకు అన్నాను. వేళ్ల మీద లెక్కేసి, "అయితే పది వేల మంది ముందట ఉన్నట్టే కదా, ఇంత సంబరం దేనికి?" అంది. పదేళ్లుగా ఖాతాదారుల వడ్డీ లెక్కలు చూస్తున్న నాకు ఆ లెక్క తట్టలేదు.

ఇంతలో ఒక ఇంటర్ కాలేజీ పీఆర్వో వచ్చాడు. పీఆర్వోలు పదో తరగతి పరీక్షలయ్యాక వస్తారని మీరనుకుంటుంటే మీ పిల్లలు ఇంకా చిన్నవాళ్లన్నమాట. భుజాన బ్యాగు, చేతిలో ర్యాంకర్ల ఫొటోలున్న కరపత్రం. సోఫాలో కూర్చుని మంచినీళ్లు తాగి, "సార్, ఇప్పుడు ఐదు వేలు అడ్వాన్స్ కడితే ఇంటర్‌కు ఈ ఏడు ఫీజే. టెన్త్ రిజల్ట్స్ వచ్చినంక నా చేతుల ఉండదు" అన్నాడు. మా ఆవిడ, "హాస్టల్ గదికి కిటికీలు ఉంటయా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అని నాకిప్పటికీ అనిపిస్తుంది. నేను మాత్రం, "మా పాపను పై బ్యాచ్‌లో వేస్తారా, కింది బ్యాచ్‌లోనా?" అని అడిగాను. అతను గొంతు తగ్గించి, "మీ కోసం చూస్త సార్" అన్నాడు. ఆ మాటకు పడిపోయి ఫోన్లోనే ఐదు వేలు కొట్టేశాను. అతను చెప్పులేసుకునేలోగా రసీదు గురించి మా ఆవిడ అడిగింది. కిటికీల గురించి అతనూ, రసీదు గురించి నేనూ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

మా ఊరు హన్మకొండ. కాజీపేట దారిలో ఎన్ఐటీ ఉంది, 1959లో ఆర్ఈసీగా మొదలైనది. ఆ గేటు దగ్గరికి రాగానే నా స్కూటర్ దానంతటదే నెమ్మదిస్తుంది. వెనక కూర్చున్న అమ్మాయి గేటువైపు చూస్తుందేమోనని అద్దంలో చూస్తాను. "పెట్రోల్ అయిపోయిందా డాడీ?" అంటుంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే అని చెబితే, "మంచిదే కదా, మిగతా సగం వేరేవాళ్లకు" అంటుంది. ఈ దయాగుణంతో కౌన్సెలింగ్‌లో నెగ్గుకురావడం కష్టం.

పత్రికల్లో తెలుగు గురించి నాలుగు ముక్కలు రాసుకునే నేను, ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమే తీసుకోవాలని ఇప్పుడే తీర్మానించాను. మార్కులు బాగా పడతాయి. ఇంటర్ మార్కులకు ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ ఉండేది కదా అని కొలీగ్‌తో అంటే, దాన్ని తెలంగాణలో 2023లోనే ఎత్తేశారని అతను గుర్తుచేశాడు. అయినా నా తీర్మానం వెనక్కి తీసుకోలేదు.

మా ఆవిడ మనసు బాసర మీద ఉంది. అక్షరాభ్యాసం చేయించిన ఊళ్లోనే ట్రిపుల్ ఐటీ ఉంది, ఎంట్రన్స్ గొడవ లేదు, పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు. కాదనడానికి నా దగ్గర కారణం ఏమీ లేదు. ప్రిపరేషన్ అక్కర్లేని సీటైతే నేనేం చేయాలి?

చివరికి నాకు దొరికిన పని సర్టిఫికెట్ల ఫైలు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో, అదే ఇప్పటి ఎప్‌సెట్‌లో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మా అమ్మాయి ఆరో తరగతి చదివిన బడి వేరు. వెళ్లి హెడ్మాస్టర్‌ను అడిగితే, "పాపది ఇంటర్ అయిపోయిందా సార్?" అన్నాడు. తొమ్మిది అన్నాను. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, మారుమాట లేకుండా రిజిస్టర్ తీశాడు. తీస్తే అందులో ఇంటిపేరు లేదు, తండ్రి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

కాబట్టి పైన రాసినదంతా నా పిచ్చి కింద కొట్టేయండి గానీ, ఇదొక్కటి వినండి. పిల్లలు బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో, సంతకం పక్కన స్టాంపు పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.